బార్బ్రో కట్టిన ఎనిమిది వాటాల ఇల్లు

ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కూలిపోయి మళ్ళీ లేచిన ఇల్లు మేజోళ్ళ వీధిలో ఏడో నంబరుది. రోజుకు ఆరేడు వందల సార్లు కూలుతుంది, ఆరేడు వందల సార్లు లేస్తుంది. ఎనిమిది వాటాలు, ఎనిమిది కుటుంబాలు, నేలమాళిగలో అందరికీ కలిపి ఒక లాండ్రీ గది. మా నోర్‌షోపింగ్ ఊరంతా గాలించినా ఆ వీధి దొరకదు. అది మా ఆఫీసు కంప్యూటర్లలో ఉంది. దాన్ని కట్టిన మనిషి బార్బ్రో హెడ్‌క్విస్ట్. ఆవిడ ఇంజనీరు కాదు, ప్రోగ్రామరు అసలే కాదు.

ప్రోగ్రామర్లం మేం తొమ్మండుగురం. అపార్టుమెంట్లలో లాండ్రీ గది వంతు ఎవరిది ఎప్పుడో బుక్ చేసుకునే వెబ్‌సైటు మాది. వినడానికి ఇంతే. కానీ స్వీడన్ యుద్ధం చేసి రెండు వందల ఏళ్ళు దాటిందంటే కారణం మా శాంత స్వభావం కాదు, ఉన్న పౌరుషమంతా లాండ్రీ గదుల్లో ఖర్చయిపోవడమేనని నా గట్టి నమ్మకం. అక్కడ కూడా ఎవరూ ఎవరినీ మొహం మీద మాట అనరు. చీటీ రాసి గోడకు అంటిస్తారు. "ఏడున్నరకు ఖాళీ చేయవలసిన వారు ఏడూ యాభై వరకూ ఉన్నారు. గడియారం చూడటం రాకపోతే నేర్పిస్తాను. ప్రేమతో, ఒక పొరుగువారు." కింద పేరు ఉండదు. పేరు పెట్టడం మర్యాద కాదు.

ఈ చీటీల రాజ్యంలో బార్బ్రో ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేసింది. ఇళ్ళు అద్దెకిచ్చే ఒక సంస్థ కౌంటర్లో కూర్చునేది. అప్పట్లో ప్రతి వాటాకూ నంబరు చెక్కిన ఒక బుల్లి తాళం ఉండేది, దాన్ని గోడ మీది చెక్కలో కావలసిన రోజు దగ్గర గుచ్చితే ఆ వంతు వారిది. తాళాలు పారేసుకున్నవాళ్ళూ, ఇతరుల తాళం పీకేసినవాళ్ళూ, పీకలేదని ఒట్టు వేసినవాళ్ళూ అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరి మొగుడు ఇల్లు వదిలి పోయాడో ఊరికన్నా ముందు ఆవిడకు తెలిసేది. వారానికి ఎన్ని వంతులు తీసుకుంటున్నారో చూస్తే చాలు. తన సొంత మొగుడి సంగతి మాత్రం ఆఖరున తెలిసిందని తనే చెప్పుకుని నవ్వేది.

తర్వాత మా వెబ్‌సైటు వచ్చింది. తాళాలతో పాటు బార్బ్రో ఉద్యోగమూ చెత్తబుట్టలోకి వెళ్ళాల్సిందే. మా పై అధికారి హెన్నింగ్‌కి అప్పుడు ఏం పుట్టిందో గానీ, వాడేవాళ్ళ గురించి తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలని ఆవిడను పరీక్షల పనికి తీసుకున్నాడు. రెండు నెలలు ఉంటుందనుకున్నాం. తొమ్మిదేళ్ళు ఉంది. పొట్టి మనిషి, చెవికి మిషను, చేతికి నాలుగు నిమిషాలు ముందుకు తిప్పిన గడియారం. ఆకుపచ్చ ఇంకుతో తప్ప రాసేది కాదు.

ఆవిడ వచ్చిన కొత్తలో మా టెస్టులు చూసి తీరాలి. వెబ్‌సైటులో ఏదైనా మార్చగానే వందల టెస్టులు వాటంతట అవే నడిచి, ఏది చెడిందో చెబుతాయి. నడవాలంటే లోపల ఉత్తుత్తి మనుషులు, ఉత్తుత్తి వంతులు కావాలి. ఎవరికి వారు తోచినట్టు పెట్టుకున్నాం. నా మనుషుల పేర్లు ఎ, ఎఎ, ఎక్స్‌ఒకటి. ఒకరి టెస్టు బుక్ చేసిన వంతు ఇంకొకరి టెస్టుకి అడ్డం వచ్చేది. ఏది నిజంగా చెడిందో ఏది ఊరికే తగువు పడిందో తేలేది కాదు.

బార్బ్రో నా తెర వైపు వంగి చూసి అంది: "టోర్కెల్, ఈ ఎక్స్‌ఒకటి అనే ఆయన బట్టలు మాసిపోతాయా?"

"ఆయన మనిషి కాదు బార్బ్రో, డేటా."

"అందుకే ఆయనతో నీకు ఇబ్బంది లేదు. నన్ను ఇరవై ఆరేళ్ళు ఇబ్బంది పెట్టినవాళ్ళంతా మనుషులే."

ఆ చలికాలమంతా నా పక్కన కుర్చీ వేసుకుని, అడిగిందే అడిగి నా ప్రాణం తోడేసి, కావలసినంత నేర్చుకుంది. వసంతానికి ఇల్లు లేచింది. ఒకటో వాటాలో విడాకులు తీసుకుని కూడా వేరే ఇల్లు దొరక్క కలిసే ఉంటున్న జంట. ఇద్దరికీ వేర్వేరు వంతులు కావాలి, ఒకరి బుకింగు ఒకరికి కనబడకూడదు. మూడో వాటా నర్సుది, ఆమె అర్ధరాత్రి ఉతుకుతుంది గనక వంతు ఒక తేదీన మొదలై మరో తేదీన ముగుస్తుంది. ఆరో వాటా పెద్దమనిషి మూడు వంతులు బుక్ చేసి ఒక్కదానికీ రాడు. ఎనిమిదో వాటా అమ్మాయి ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టింది. నాలుగో వాటాలో ఎబ్బా. ఎనభై నాలుగేళ్ళు, ఒంటరిది, ఫోను లేదు. లాండ్రీ తలుపు పక్కన గోడకు బిగించిన చిన్న తెరకు తన తాళం బిళ్ళ ఆనించి, ప్రతి మంగళవారం ఉదయం ఏడింటి వంతు తీసుకుంటుంది. ఎబ్బా ఎప్పుడూ ఏ తప్పూ చెయ్యదు. అందుకే ఆమెను పెట్టానంది బార్బ్రో.

ఇక ప్రతి టెస్టూ ఆ ఇంటి గుమ్మంలోంచే మొదలయ్యేది. టెస్టు అయ్యాక ఇల్లు కూలి, మళ్ళీ మొదట ఎలా ఉందో అలా లేచేది. ఆ ఫైలు నెత్తి మీద ఆవిడ రాసిన వాక్యం ఇప్పటికీ ఉంది: "ఇది అందరి ఇల్లు. వాడుకున్నాక ఉన్నది ఉన్నట్టు వదలండి. వాటాలు మార్చాలంటే పక్కవాళ్ళని అడగండి." లాండ్రీ గది గోడ మీద ఉండే మాటే, ఆవిడ దాన్ని తెచ్చి కంప్యూటర్లో పెట్టింది. చదువుకున్న తొమ్మండుగురికీ అంతవరకూ తట్టలేదు.

టెస్టులు పడగొట్టినవాళ్ళ పేరు అప్పట్లో రిపోర్టులో ఎర్రగా వచ్చేది, కాఫీ గదిలో టీవీ మీద అందరికీ కనబడేది. పేరు వచ్చినవాళ్ళు మర్నాడు దాల్చినచెక్క బన్‌లు తేవాలి. బాగానే నడిచింది. ఇంతలో కొత్తగా చేరినతని పేరు వరసగా మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు అతను సెలవు చీటీ పంపాడు. హెన్నింగ్ కంగారుపడి మీటింగు పెట్టాడు. మా దగ్గర ఒక మీటింగుతో ఏదీ తేలదు, అందరూ ఒప్పుకునేదాకా పెడుతూనే ఉండాలి. నాలుగు పెట్టాడు.

నాలుగోదాని చివర హెన్నింగ్ అన్నాడు: "ఎవరినీ వేలెత్తి చూపించే వాతావరణం మనకొద్దు. పేర్లు తీసేద్దాం. ఆ ఎరుపు కూడా గుండెల్లో గుచ్చుకుంటోంది, కాస్త మెత్తటి రంగు చూద్దాం."

పేర్లు పోయాయి. ఎరుపు పోయి లేత నారింజ రంగు వచ్చింది. "విఫలం" అన్నచోట "అనుకున్నట్టు జరగలేదేమో" అని వచ్చింది. ఇప్పటికి వద్దులే అని పక్కన పెట్టిన టెస్టులు బూడిద రంగులో ఒక వరసగా కనిపించేవి. అది చూస్తే దిగులేస్తోందని ఎవరో అంటే అదీ తీసేశారు. రిపోర్టు ఎవరి పేరునా కాకుండా అందరికీ వెళ్ళేది. అంటే ఎవరికీ వెళ్ళేది కాదు.

"మరి బన్‌లు ఎవరు తెస్తారు?" అంది బార్బ్రో.

గదిలో అందరూ తమ కప్పుల్లోకి చూసుకున్నారు.

"దానికి విడిగా ఒక బృందం వేద్దాం" అన్నాడు హెన్నింగ్. ఆ బృందం ఇంతవరకూ కలవలేదు.

ఇక్కడ నా పాపం నేను చెప్పుకోవాలి. సరిగ్గా ఆ మీటింగుల వసంతంలోనే బుకింగు పద్ధతిని నేను మొత్తం తిరగరాశాను. అన్నీ పాసయ్యాయి, ఎబ్బా టెస్టు ఒక్కటి తప్ప. గోడ తెర నుంచి వచ్చిన బుకింగు కొత్త పద్ధతిలో ఎక్కడికీ చేరడం లేదు. శుక్రవారం సాయంత్రం నాలుగూ పది. మా ఊళ్ళో ఆ వేళకి ఆఫీసులో ఉన్నవాణ్ణి జాలిగా చూస్తారు. ఆ టెస్టును దాటేయమని ఒక ముక్క, పక్కన "తాత్కాలికం, వచ్చే వారం చూస్తా" అని మరో ముక్క రాసి ఇంటికి పోయాను. సోమవారానికల్లా బూడిద వరస తీసేశారు. నా పాపం నాకే కనబడకుండా పోయింది. ఇంతకన్నా మెత్తటి రిపోర్టు ఎవరు కోరుకుంటారు?

గోడ తెరలు మూడేళ్ళు పాత పద్ధతిలోనే నడిచాయి గనక ఎవరికీ ఏమీ కాలేదు. బార్బ్రో ఆఖరి ఏడు మార్చిలో వాటిని కూడా కొత్తదానికి మార్చడం మొదలుపెట్టాం. ముందు ఒకే ఒక్క ఇల్లు. అంతా బాగుంటే జూన్ ఒకటిన మరో నలభై ఇళ్ళు. మే ముప్ఫై ఒకటిన బార్బ్రో పదవీ విరమణ.

ఏప్రిల్ రెండో వారంలో మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. కాగితం మీద, చేత్తో రాసినది. ఎవరు తీసుకోవాలో తెలియక రెండు రోజులు కాఫీ గదిలో పడి ఉంది. చివరికి బార్బ్రో కవరు చింపింది.

"మీ పనికి అడ్డం వస్తున్నందుకు మన్నించండి. నేను యాభై రెండేళ్ళుగా మంగళవారం ఉదయం ఏడు గంటలకు బట్టలు ఉతుక్కుంటున్నాను. ఐదు వారాలుగా తెర మీద నా వంతు నమోదైనట్టే వస్తోంది. బుట్ట తీసుకుని వెళితే వేరేవారి బట్టలు తిరుగుతున్నాయి. తప్పు నాదే అయి ఉంటుంది. తెరను ఎలా నొక్కాలో ఎవరైనా చెప్పగలరా? తీరిక ఉంటేనే. ఆల్ఫ్‌హిల్డ్ రోన్."

బార్బ్రో ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆ ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చి కోటు కూడా విప్పకుండా హెన్నింగ్ ముందు నిలబడింది.

"ఆవిడకి ఎనభై మూడేళ్ళు. దుప్పట్లు బాత్‌టబ్బులో ఉతుక్కుంటోంది. మోకాళ్ళ మీద కూర్చుని. పిండటానికి చేతుల్లో సత్తువ లేదు, అలాగే ఆరేస్తోంది, ఇల్లంతా తడి."

"అయ్యో. కానీ మన రిపోర్టు అంతా బాగుందంటోంది కదా?"

"రిపోర్టు బాగుందంటోంది. ఆల్ఫ్‌హిల్డ్ బాగోలేదంటోంది. ఇద్దర్లో ఒకరు అబద్ధం ఆడుతున్నారు, ఆవిడైతే కాదు." బార్బ్రో సంచిలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇది కూడా చూడు. పంచదార డబ్బా కింద దాచుకుంది."

నేను వెనక బల్ల దగ్గర నుంచి చదివాను. పెద్ద అక్షరాలు. "వంతు లేకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడటం ఇక ఆపండి. బుక్ చేసుకోవడం చేతకాకపోతే మీ వయసుకు తగిన చోటికి మారండి. ఒక పొరుగువారు."

"యాభై రెండేళ్ళలో ఆవిడ మీద ఎవరూ చీటీ రాయలేదు హెన్నింగ్. ఒక్కటీ లేదు. ఇప్పుడు నేలమాళిగలోకి దిగడమే మానేసింది. నేను రిటైరయ్యేలోగా ఇది తేలాలి."

హెన్నింగ్ నిజంగానే బాధపడ్డాడు. వేసవి సెలవుల తర్వాత దీని మీద ఒక చర్చ పెడదామన్నాడు.

మర్నాడు కాఫీ గదిలో ఫ్రిజ్ మీద చీటీ కనబడింది. ఆకుపచ్చ ఇంకు.

"మేజోళ్ళ వీధి ఏడో నంబరు, నాలుగో వాటాలో ఉండే ఎబ్బా మూడేళ్ళుగా కనిపించడం లేదు. ఎవరైనా చూశారా? ఒక పొరుగావిడ."

రిపోర్టులు ఏళ్ళ తరబడి చదవని తొమ్మండుగురమూ ఆ చీటీని రెండేసి సార్లు చదివాం. బార్బ్రో తన కంప్యూటర్లో మాత్రం ఆ బూడిద వరసను మళ్ళీ తెరిపించుకుందని నాకు అర్థమైంది. అప్పుడే ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, "అది నేనే" అనొచ్చు. పన్నెండు అడుగుల దూరం. నేను చేసింది ఏమిటంటే, కప్పు కడుక్కుంటూ, "పాపం, ఎవరో మరిచిపోయి ఉంటారు" అన్నాను.

రెండో చీటీ: "ఎబ్బాను బయటికి పంపినది ఒక శుక్రవారం, సాయంత్రం నాలుగూ పదికి."

మూడోది: "పంపినవారు 'వచ్చే వారం చూస్తా' అని రాశారు. నూట యాభై ఆరు వారాలు గడిచాయి. ఎబ్బాకి ఓపిక ఎక్కువ."

ఆఫీసంతా ఒకటే సరదా. ఎవరయ్యుంటారని పందేలు కాశారు. హెన్నింగ్ పాతకాలపు చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ బార్బ్రో వైపు చూస్తే ఆవిడ చేపగుడ్ల ముద్ద రాసిన తన శాండ్‌విచ్ తింటూ గోడ గడియారం వైపు చూస్తోంది. ఇలా ఇరవై రోజులు.

ఇరవై ఒకటో రోజు ఉదయం అందరికన్నా ముందు వచ్చి, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేద్దామని కూర్చున్నాను. గోడ తెర తప్పు సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది. మూడేళ్ళు వాయిదా వేసిన పని, ఒక ముసలావిడను మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన పని, నలభై నిమిషాలు. ఆ అంకె తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దాటేయమన్న ముక్క చెరిపేశాను. ఎబ్బా తన వాటాలోకి తిరిగొచ్చింది. ఆమె టెస్టు పాసైంది.

మిగతావి పడిపోయాయి. ఒకటీ రెండూ కాదు, అరవై ఒకటి.

జరిగింది ఇది. ఎబ్బా టెస్టు నడవడం లేదు గనక నాలుగో వాటా ఖాళీగా ఉందని అందరూ అనుకున్నారు. ఎవరికి ఖాళీ వాటా కావలసి వచ్చినా అందులో తమ మనిషిని దించారు. ఎబ్బా మంగళవారం వంతు కూడా ఖాళీయే కదా అని వాడుకున్నారు. పక్కవాళ్ళని అడగమని బార్బ్రో రాసిన వాక్యం కిందనే ఇదంతా జరిగింది. ఆ అరవై ఒకటిలో పదిహేడు నావి.

దానికన్నా పెద్ద దెబ్బ కాఫీ గదిలో కాచుకుని ఉంది. ముందు రోజు సాయంత్రం వెళ్ళేముందు బార్బ్రో రిపోర్టును పాత పద్ధతికి తిప్పేసింది. ఎవరినీ అడగలేదు. ఎనిమిదింటికి జనం వచ్చేసరికి టీవీ మీద ఎర్రగా, బారెడు అక్షరాల్లో ఉంది: "విఫలం: 61. మార్చినవారు: టోర్కెల్ విడ్‌మార్క్." దాని కింద బూడిద వరస: "నిన్నటిదాకా దాటేసిన టెస్టు: ఎబ్బా, నాలుగో వాటా. దాటేసినవారు: టోర్కెల్ విడ్‌మార్క్. దాటేసి మూడేళ్ళు."

ఎవరూ నన్నేమీ అనలేదు. అదే భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది. అందరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటూ కప్పులు తీసుకుని వెళ్ళిపోయారు. నేనూ బార్బ్రో మిగిలాం.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఉత్తరం చదివిన రోజే. దాటేయమన్న ముక్క పక్కనే నీ పేరు ఉందిగా."

"మరి నా మొహాన అడగొచ్చుగా? ఇరవై రోజులు ఆ చీటీలేంటి? నన్ను ఆడించావా?"

అరిచాననుకుంటాను. బార్బ్రో చెవి మిషను సర్దుకుంది.

"మొదట్లో సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. వాడే వచ్చి చెబుతాడులే అనుకున్నాను. రేపు చెబుతాడు, ఎల్లుండి చెబుతాడు." ఆవిడ గొంతు తగ్గింది. "పన్నెండు అడుగులు టోర్కెల్. నీ బల్లకీ నా బల్లకీ. నువ్వు రాలేదు. నేనూ రాలేదు. ఆల్ఫ్‌హిల్డ్ మాత్రం ఆ ఇరవై రోజులూ మోకాళ్ళ మీదే ఉంది. మొదటి మూడేళ్ళు నీవి. ఈ ఇరవై రోజులు నావి."

ఆవిడ కళ్ళు తుడుచుకోవడం తొమ్మిదేళ్ళలో అదొక్కసారే చూశాను. నేను క్షమించమన్నాను. నాకు కాదు చెప్పాల్సింది అంది.

అన్ని టెస్టులూ పాస్ కానిదే ఏదీ బయటికి పోకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేనే, అప్పట్లో నాకు సూత్రాలుండేవి. కాబట్టి నలభై నిమిషాల పని ఆల్ఫ్‌హిల్డ్ ఇంటికి చేరాలంటే ముందు నాలుగో వాటాలో దిగినవాళ్ళందరినీ ఖాళీ చేయించాలి. నేనూ బార్బ్రో పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క టెస్టూ తెరిచి, ఎవరు ఎందుకు వచ్చారో చూసి, ఐదో వాటాకో ఏడో వాటాకో పంపాం. "ఈయనకి వంతు ఎందుకు కావాలి? ఊరికే నిలబడ్డాడా? పంపెయ్" అనేది ఆవిడ, ఆ పాత కౌంటర్లో కూర్చున్నట్టే. రెండు వారాలు పట్టింది. మర్యాద ప్రకారం నేను అరవై ఒక్క బన్‌లు తెచ్చాను. హెన్నింగ్ మూడోది తింటూ, ఎర్ర అక్షరాలు మరీ అంత బాధగా లేవని, ప్రస్తుతానికి ఉంచుదామని ఒప్పుకున్నాడు. ఈసారి మీటింగు అక్కర్లేకపోయింది.

మే ఇరవై మూడున ఆల్ఫ్‌హిల్డ్ ఇంటి గోడ తెర బాగుపడింది. బార్బ్రో ఫోన్ చేసి చెప్పింది. తర్వాతి మంగళవారం ఏడింటి వంతు ఆల్ఫ్‌హిల్డ్ పేరున తనే నమోదు చేయించి, కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది. ఏడు దాటింది, ఏడుంపావు దాటింది. లాండ్రీ తలుపు తెరిచినట్టు కంప్యూటర్లో పడలేదు.

మళ్ళీ ఫోన్ చేసింది. స్పీకరులో పెడితే నేనూ విన్నాను. "వద్దులే అమ్మా, బాత్‌టబ్బు అలవాటైపోయింది. నన్ను చూసి మళ్ళీ ఎవరికైనా చిరాకు వస్తుందేమో. మీరంతా ఎంత శ్రమపడ్డారో, మీకు రుణపడి ఉంటాను."

"తెర బాగైంది. ఆవిడ పరువు బాగవలేదు" అంది బార్బ్రో ఫోను పెట్టేసి.

మే ముప్ఫై ఒకటిన బార్బ్రోకి కేకు కోశాం. హెన్నింగ్ ఉపన్యాసం ఇచ్చాడు. పూలకుండీ, ఒక గొడుగు ఇచ్చాం. ఆవిడ రెండూ నా చేతికిచ్చి, కోటు వేసుకో, బస్సు పన్నెండు నిమిషాల్లో ఉంది అంది. ఆవిడ గడియారం ప్రకారం ఎనిమిది నిమిషాలే.

ఆల్ఫ్‌హిల్డ్ ఇంటి నేలమాళిగ నాకు కొత్త కాదు, అన్ని నేలమాళిగలూ ఒకటే. సబ్బు వాసన, గోడ నిండా చీటీలు. ఆరబెట్టే మిషను జాలీలో పీచు తీయండి. నేల తుడవండి. ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. అన్నిటి కిందా ఒక పొరుగువారు. బార్బ్రో తెల్లకాగితం, ఆకుపచ్చ పెన్నూ నా చేతిలో పెట్టింది.

"రాయి."

"ఏమని?"

"రిపోర్టు ఎలా ఉంటుందో అలా. ఏం చెడింది, ఎప్పుడు చెడింది, ఎవరు చేశారు."

వాషింగ్ మిషను మీద కాగితం పెట్టుకుని రాశాను. "మార్చి నుంచి మే దాకా ఈ గోడ మీది తెర చేసిన బుకింగులు పోయాయి. తప్పు తెరది, దాని వెనక ప్రోగ్రాము రాసిన నాది. ఆల్ఫ్‌హిల్డ్ రోన్ ప్రతి మంగళవారం తన వంతు సరిగ్గానే తీసుకున్నారు. ఆవిడ వల్ల ఏ పొరపాటూ జరగలేదు. ఆవిడను క్షమాపణ కోరుతున్నాను." పెన్ను ఆగింది. వేళ్ళు వాటంతట అవే "ఒక పొరుగువారు" అని రాయబోయాయి. బార్బ్రో నా భుజం మీంచి చూస్తోంది. "టోర్కెల్ విడ్‌మార్క్" అని రాసి, ఫోన్ నంబరు కూడా వేశాను. నాకు తెలిసి మా దేశంలో లాండ్రీ గోడ మీద పేరు పెట్టి అంటించిన చీటీ అదొక్కటే.

మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళి అదే మాట మనిషికి కూడా చెప్పాను. మా ఊళ్ళో చిన్నా పెద్దా అందరినీ నువ్వనే అంటాం. ఆవిడ ముందు మాత్రం నాకు మీరు తప్ప నోట రాలేదు. "మీరు లోపలికి రండి, బిస్కెట్లున్నాయి" అంది ఆల్ఫ్‌హిల్డ్. ఇల్లు ఇంకా తడి వాసన వేస్తోంది. లాండ్రీకి వస్తానని గానీ రానని గానీ అనలేదు.

బస్టాపు దగ్గర బార్బ్రో గొడుగు, పూలకుండీ తీసుకుంది. "ఇంటిని జాగ్రత్తగా చూసుకో" అంది. ఏ ఇంటినో అడగనక్కర్లేకపోయింది.

సోమవారం ఆఫీసుకు వచ్చి మేజోళ్ళ వీధి ఫైలు తెరిస్తే తొమ్మిదో వాటా కనబడింది. వెళ్ళేముందు కట్టి పోయింది. అందులో దిగినవాడి పేరు టోర్కెల్. వంతు బుక్ చేస్తాడు, ఏదో చెడగొడతాడు, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోతాడు. అలాంటివాడు ఉన్నా మిగతా ఎనిమిది వాటాలవాళ్ళ వంతులు చెడకూడదు, అదీ టెస్టు. వాణ్ణి తీసేస్తే ముప్ఫై టెస్టులు పడిపోతాయి, రిపోర్టులో నా పేరు వస్తుంది. ఇప్పటికీ వాడు అక్కడే ఉన్నాడు, రోజుకు ఆరేడు వందల సార్లు పుడుతున్నాడు.

మర్నాడు మంగళవారం. పనికి వెళ్ళేముందు ఆల్ఫ్‌హిల్డ్ ఇంటి నేలమాళిగ మీదుగా వెళ్ళాను, ఏడుంపావుకి. నా చీటీ గోడ మీదే ఉంది. దాని కింద ఎవరో పెద్ద అక్షరాలతో ఇంకోటి అంటించారు: "ఇది సొంత విషయాలు రాసుకునే చోటు కాదు. ఒక పొరుగువారు."

దాని కింద ఒక చిన్న కాగితం. వణికే చేతిరాత, కొక్కేల్లాంటి పాతకాలపు అక్షరాలు.

"ఏడు నుంచి పది వరకూ నా వంతు. గది ఖాళీ చేసేటప్పుడు పీచు తీసి వెళతాను, ఎప్పటిలాగే. ఆల్ఫ్‌హిల్డ్ రోన్, మూడో అంతస్తు."

లోపల మిషను తిరుగుతోంది.